అక్క ఆగే చోటు

అక్క పోయి ఏడాది కావస్తున్నా మా బావ మృదంగం ఆమె కోసం ఆగుతూనే ఉంది.

అక్క వయొలిన్ విద్వాంసురాలు. ఒక కీర్తనలో పైస్థాయికి వెళ్ళి, కిందికి దిగేముందు భుజం నొప్పికి కమాను ఒక్క క్షణం దించేది. బావ చేతులు గాల్లోనే ఆపుకునేవాడు. కాపురం మొత్తంలో ఆయన ఆమె మాట విన్న చోటు అదొక్కటేనని నేను ఏడిపించేదాన్ని.

ఇప్పుడు అక్క స్థానంలో కొత్తమ్మాయి వయొలిన్ వాయిస్తోంది. ఆమె భుజాలు రాళ్ళు, నొప్పీ లేదు, ఆగడమూ లేదు. కచేరీ హాలు వెనక, మడతకుర్చీలు పేర్చిన గదిలో రిహార్సల్స్. నేను ఫ్లాస్కులో కాఫీ పట్టుకెళ్ళి కూర్చునేదాన్ని. నేను చదివింది డిగ్రీ వరకు. సంగీతంలో మాత్రం తల ఊపడం వరకే. ప్రతిసారీ అదే తంతు: ఆమె దిగిపోయేది, బావ పైనే మిగిలిపోయేవాడు.

"బాబాయ్‌గారూ, మళ్ళీ ఆగారు."

"అలవాటమ్మా."

"మీ అలవాటుకి నా పరువు పోతుందండీ. కచేరీలో కూడా ఇలాగే ఆగితే వచ్చే నెల ఇంకొకర్ని చూసుకుంటాను. ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటాడు? ఆ మృదంగం తప్ప ఇంట్లో ఆయనతో మాట్లాడేవాళ్ళు లేరు.

మెట్లు దిగుతూ నా కొంగు పట్టినంత పని చేశాడు. "మరదలా, ముందు వరసలో కూర్చో. ఆ చోటు రాగానే తల అడ్డంగా ఊపు. ఆగను."

"నా మాట ఎప్పుడైనా విన్నారా బావా?"

"ఇప్పుడు వింటాను. ఊపవే తల్లీ."

కచేరీ సాయంత్రం మెడ బిగించుకుని కూర్చున్నాను. రాగం పైకెక్కింది. ఇదిగో, ఇక్కడే. బావ కళ్ళు నా మీదే ఉన్నాయి. నా తల కదల్లేదు. మరిచిపోయి కాదు, అక్క కమాను దించుతుందని చూస్తున్నాను.

బావ ఆగాడు. కొత్తమ్మాయీ ఆగింది. హాల్లో ఒక్క దగ్గు లేదు. తరవాత ఇద్దరూ ఒక్కసారే దిగారు, వెంట్రుకవాసి తేడా లేకుండా. అదేదో గొప్ప విద్య అనుకుని జనం చప్పట్లు కొట్టారు.

తెర వెనక కొత్తమ్మాయి వయొలిన్ పెట్టెలో పెడుతూ, మా వైపు చూడకుండా అంది. "ఎందుకాగానో నాకే తెలీదు. వచ్చే నెలా మీరే రండి. కానీ అక్కడ ఎంతసేపు ఆగాలో లెక్క చెప్పండి."

"లెక్కేం లేదమ్మా. ఆవిడ మొదలెట్టేదాకా ఆగేవాణ్ణి."

"మరి ఇవాళ?"

బావ మృదంగానికి గుడ్డ తొడుగుతున్నాడు.

"ఇవాళా అంతే."