కళ్ళజోడు గుడ్డ

ఆ స్కూలు మెట్లెక్కుతుంటేనే నాకు వెనక్కి తిరిగిపోవాలనిపిస్తుంది. ఫినాయిలు, తడి మాపు, పిల్లల డబ్బాల్లో మిగిలి పులిసిన తిండి, అన్నీ కలిసిన వాసన అది. వాసన వల్లే అలా అనిపిస్తోందని మొదట్లో అనుకున్నాను. మనుషుల వల్ల అని తర్వాత తెలిసింది.

మా పిల్లకి ఆరేళ్ళు, ఒకటో తరగతి. ఇంట్లో దాన్ని పిడుగు అంటాం. నిజానికి అది పిడుగు పేరు చెబితేనే వణికే రకం. పక్కన ఎవరైనా కుర్చీని నేలమీద గీరుకుంటూ లాగితే చాలు, రెండు చెవులూ మూసుకుని బల్ల కిందకి దూరిపోతుంది. బయటికి లాగబోతే కొరుకుతుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే కాసేపటికి అదే వస్తుంది. ఇంత చిన్న సంగతి మా అత్తయ్యకి ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. స్కూల్లో ఎవరికీ అర్థం కాలేదు. ఒకవేళ అయినా, గది నిండా పిల్లల్ని పెట్టుకుని ఒక్క టీచరు ఏ బల్ల కిందకని చూస్తుంది?

కాబట్టి నాకు ఫోను చేస్తారు. నేను కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాను. అద్దాన్ని ఫ్రేముకి సరిపడా అరగదీసి బిగించడం నా పని. సరిగ్గా అద్దం మెషీన్ మీద ఉన్నప్పుడే ఫోను మోగుతుంది. "మీ పాప మళ్ళీ బల్ల కిందకెళ్ళిందండీ, వచ్చి తీసుకెళ్ళండి" అంటుంది ఆఫీసులో అమ్మాయి, పార్సిల్ వచ్చింది పట్టుకెళ్ళండి అన్నట్టు. మా ఓనరు నా వంక ఎగాదిగా చూసి ఏమీ అనడు. అనకపోవడమే ఆయన తిట్టు.

పిల్లల డాక్టరమ్మ చూసింది. "ఏదో ఉంది. అదేమిటో చెప్పాల్సినవాళ్ళు వేరే ఉన్నారు" అని పెద్దాసుపత్రికి రాసిచ్చింది. అక్కడి వరుస ఎంత పొడుగంటే, మా దాని వంతు వచ్చేసరికి పాలపళ్ళన్నీ ఊడి కొత్తవి వచ్చేస్తాయి. జబ్బుకో పేరుంటే స్కూల్లో సాయం దొరుకుతుందట. పేరు లేదు కాబట్టి పిల్లకి పొగరు, తల్లికి పెంపకం చేతకాదు. ఈ మాట ఎవరూ పైకి అనరు. గేటు దగ్గర మిగతా తల్లులు తమ పిల్లల చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కోవడంలోనే అంతా ఉంటుంది.

హెడ్‌మిస్ట్రెస్‌ని అక్కడ అందరూ పెద్ద మేడమ్ అంటారు. ఆవిడ గదిలో ఆవిడకి తిరిగే కుర్చీ, వచ్చినవాళ్ళకి చంటిపిల్లల కుర్చీలు. మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా కూర్చుని ఆవిడ చెప్పింది విన్నాను.

"పేరు లేకపోయినా ఒక దారుందమ్మా. బోర్డు నుంచి ఆఫీసరమ్మ వస్తుంది. క్లాసులో కూర్చుని పాపని కళ్ళారా చూస్తుంది. అవసరమే అనిపిస్తే పాప పక్కన కూర్చోడానికి ఒక హెల్పర్‌ని ఇస్తారు."

"ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోతే ఈ టర్మ్ తర్వాత మేం ఉంచుకోలేం. మీ మంచికే చెబుతున్నాను."

అప్పటికి ఒక స్కూలు మార్చాం. ఇంకో రెండు స్కూళ్ళు పిల్లని చూడకుండానే సీట్లు లేవన్నాయి. ఇక్కడ హెల్పర్ వస్తే పిల్లకి చదువుంటుంది, రాకపోతే రోజంతా ఇంట్లో కూర్చుని చూడ్డానికి కిటికీ ఉంటుంది. అంతే.

ఆఫీసరమ్మ వస్తోందని ఇంట్లో చెప్పడం నేను చేసిన మొదటి పొరపాటు. ఆఫీసరు వస్తోందంటే మా అత్తయ్య దృష్టిలో అది పరీక్షే. పరీక్షంటే నెగ్గాలి. తెల్లారకముందే లేచి పిల్లకి తలదువ్వి, రెండు జడలు బిగించి, యూనిఫామ్‌ని కత్తిలా ఇస్త్రీ చేసి, నేను స్నానానికి వెళ్ళిన సందు చూసుకుని చెవిలో ఊదింది. "చేతులు కట్టుకుని బొమ్మలా కూర్చో. కదిలావో, ఆవిడ నిన్ను సంచీలో వేసుకుని పోతుంది."

పిల్ల కూర్చుంది. పీరియడంతా చేతులు కట్టుకుని, రెప్ప వెయ్యడానికి కూడా ఆలోచిస్తూ కూర్చుంది. వెనక పిల్లాడు కుర్చీ లాగినా లేవలేదు. ఆఫీసరమ్మ బయటికి వచ్చి, "ముచ్చటగా ఉందండీ మీ పాప! దీనికి సాయం దేనికి? మా దగ్గరికి ఎలాంటి కేసులొస్తాయో మీకు తెలీదు" అని నవ్వి, కారెక్కి వెళ్ళిపోయింది.

కారు మలుపు తిరిగిందో లేదో పిల్ల వరండాలో భళ్ళున కక్కింది. నోరు తుడవబోతే రక్తం. కింది పెదవి లోపలివైపు పళ్ళు దిగేదాకా కొరుక్కుంది. అరుపు రాకుండా ఆపుకుందన్నమాట. ఆయా మాపు తెచ్చింది. పెద్ద మేడమ్ అడుగు వెనక్కి వేసి, చెప్పులకి ఏమైనా అంటిందేమోనని చూసుకుని, పిల్ల నెత్తిమీదుగా నాతో అంది.

"ఇన్నాళ్ళూ ప్రాణాలు తోడేసి, ఇవాళే దొరికిందా దీనికి బుద్ధిగా ఉండటానికి!"

పిల్ల తలెత్తి ఆవిడ్నీ, తర్వాత నన్నూ చూసింది. పెదవి నొక్కిపట్టుకునే ఉంది.

ఇంటికి రాగానే అత్తయ్య ఎదురొచ్చింది. "ఎలా చేసింది? మెచ్చుకున్నారా?" సంగతి చెబితే ఆవిడ ముఖాన నెత్తురు చుక్క లేదు. "నా నోరు పడిపోను" అని ఆ పూట తిండి మానేసింది. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. మనిషి ముందు బుద్ధిగా ఉంటే మంచి జరుగుతుందని నమ్మింది, అంతే కదా.

నేను ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా, చెప్పులు అరిగాక, ఇంకొక్కసారి వచ్చి చూస్తామన్నారు. ఇదే ఆఖరు అని కూడా అన్నారు. ముందురోజు పెద్ద మేడమ్ నన్ను పిలిపించింది. ఈసారి తలుపు వేసింది. గొంతులోకి ఎక్కడలేని తీపి వచ్చింది.

"కాస్త మీరూ సహకరించాలమ్మా. రేపు పొద్దున ఏమీ పెట్టకండి. ఆకలి మీద ఉంటే త్వరగా చిరాకు పడుతుంది. ఇంకోటి, ఆ గుడ్డ ఉంటుంది చూడండి, అది ఇంట్లో ఉంచెయ్యండి."

ఆ గుడ్డ మా దుకాణంలో కళ్ళజోడు కొన్నవాళ్ళకి ఇచ్చే మెత్తటి నీలం ముక్క. అద్దాలు తుడుచుకునేది. ఒకరోజు పిల్ల నా జేబులోంచి తీసుకుని వేళ్ళ మధ్య రుద్దుకుంటూ కూర్చుంది, అప్పటినుంచీ అది దాని సొత్తు. చప్పుళ్ళు మరీ ఎక్కువైతే దాన్నే రుద్దుకుంటుంది. కొన్నిసార్లు దాంతోనే గండం గట్టెక్కుతుంది.

"అది లేకపోతే ఏమవుతుందో మీకు తెలుసు కదా మేడమ్" అన్నాను.

"తెలుసు కాబట్టే చెబుతున్నాను" అందావిడ, ముఖంలో చీమ కుట్టినట్టయినా లేకుండా. "మీకు హెల్పర్ కావాలా, గుడ్డ కావాలా?"

ఒంటిమీద జెర్రి పాకినట్టయింది. ఆ మాటకి కాదు. ఆవిడ చెప్పినదాంట్లో లెక్క తప్పలేదని నాకు తెలిసినందుకు.

రాత్రి మా ఆయనతో చెప్పాను. ఆయన సరుకుల వ్యాను నడుపుతాడు, ఇంటికొచ్చేసరికి వెన్ను పట్టేసి నేలమీద వెల్లకిలా పడుకుంటాడు. అలాగే పడుకుని అన్నాడు. "ఒక్క పూటే కదా. టీకా వేయించినప్పుడు ఏడవలేదా? ఏడుస్తుందని మానేశామా?"

అత్తయ్య బట్టలు మడతపెడుతూ తలెత్తకుండా అంది. "టీకా వేసేవాడు సూది చూపించి పొడుస్తాడ్రా. జేబులోంచి దొంగిలించడు."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దున్న పిల్లకి కడుపు నిండా పెట్టాను. అంతవరకు బాగానే ఉన్నాను. బూట్లు తొడిగి లేస్తూ చెయ్యి చాచాను. "గుడ్డ ఇలా ఇవ్వు."

ఎందుకని అడగలేదు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. జేబులోంచి తీసి నా చేతిలో పెట్టేసింది. నేను అడిగాను కాబట్టి.

దారంతా నా సంచీ పట్టుకుని నడిచింది. ఖాళీ చేతి వేళ్ళు ఒకదానికొకటి రుద్దుకుంటూనే ఉన్నాయి. స్కూలు గేటు దగ్గరికొచ్చేసరికి ఆ వేళ్ళు ఎర్రబడ్డాయి. ఛీ, నేనూ ఒక తల్లినేనా అనిపించింది. సంచీలోంచి గుడ్డ తీసి దాని జేబులో కుక్కి, పైన బొత్తాం కూడా పెట్టాను. హెల్పర్ వస్తే వస్తుంది, లేకపోతే లేదు అనుకున్నాను. అలా అనుకోగానే కళ్ళ ముందు కిటికీ కనిపించింది. అయినా మళ్ళీ తియ్యలేదు.

నన్ను వరండాలో కూర్చోబెట్టారు. తలుపుకి ఉన్న చిన్న గాజుపలకలోంచి లోపల కొంచెం కనిపిస్తుంది. ఆఫీసరమ్మ ఒక మూల కూర్చుంది. పిల్ల మూడో వరసలో గుడ్డ తీసి బల్లమీద పెట్టుకుని రుద్దుకుంటూ, టీచరు చెప్పినట్టు ఏదో గీస్తోంది. బాగానే ఉంది. బాగుందని సంతోషించాలో, కొంప మునిగిందని ఏడవాలో తెలీక నేను గోళ్ళు కొరుక్కుంటున్నాను. ఏ తల్లికీ రాకూడని పరిస్థితి అది.

అప్పుడు పెద్ద మేడమ్ లోపలికి వెళ్ళింది. పిల్లల్ని పలకరిస్తూ, ఒకళ్ళ బుగ్గ గిల్లుతూ, మా దాని దగ్గర ఆగింది.

"ఏంటమ్మా అది? మురికి గుడ్డ పెట్టుకుంటారా ఎవరైనా?" అని రెండు వేళ్ళతో తీసి తన చేతిలోని ఫైల్లో పెట్టేసుకుంది. పిల్ల చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. అది చాలదన్నట్టు ఆవిడ గది వెనక్కి వెళ్ళి, ఇనుప కాళ్ళ కుర్చీ ఒకటి పట్టుకుని, ఎత్తకుండా, ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నేలమీద గీరుకుంటూ లాక్కొచ్చింది. ఆవిడకి కూర్చునే పనేం లేదు. లాగి, అక్కడే వదిలేసి, నిలబడింది.

నా బిడ్డ అరుపు వీధిలోకి వినపడి ఉంటుంది.

నేను తలుపు తోసుకుని వెళ్ళేసరికి అది బల్ల కింద ఉంది. లాగబోయిన క్లాసు టీచరు కొరికించుకున్న చెయ్యి పట్టుకుని పక్కన నిలబడి ఏడుస్తోంది. ఆఫీసరమ్మ ఆట రంజుగా ఉన్నప్పుడు చూసేవాళ్ళలా కుర్చీలోంచి ముందుకు వంగి, చకచకా రాసుకుంటోంది. నేను మోకాళ్ళమీద పాక్కుంటూ బల్ల కిందకి వెళ్ళి పిల్లకి ఆనుకుని కూర్చున్నాను. పట్టుకోలేదు. పట్టుకుంటే దానికి ఇంకా భయం. అక్కడినుంచి నాకు కనిపించినవి చెప్పులే. వాటి పైనుంచి మాటలు వచ్చాయి.

"ఇప్పుడు క్లియర్‌గా ఉందండీ. ఇంత సివియర్ అనుకోలేదు. హెల్పర్‌ని శాంక్షన్ చేస్తున్నాను."

"హమ్మయ్య! నేను మొదట్నుంచీ చెబుతున్నదే కదండీ" అని పెద్ద మేడమ్. తర్వాత ఆవిడ నడుం వంచి, బల్ల కిందకి తల పెట్టి, ఎర్రబారిన ముఖంతో నన్ను చూసి నవ్వింది. "వచ్చేసిందమ్మా! మీ అదృష్టం."

ఆ నవ్వు మీద ఉమ్మెయ్యాలనిపించింది. నోట్లోకి వచ్చింది కూడా. మింగేశాను. నాకు హెల్పర్ కావాలి.

"గుడ్డ ఇవ్వండి" అన్నాను.

"అయ్యో, ఎక్కడికీ పోలేదులెండి" అని ఫైల్లోంచి తీసి ఇచ్చింది.

పిల్ల నెమ్మదించాక బయటికి వచ్చాం. ఆఫీసరమ్మ కాగితం నా ముందుకి తోసి, సంతకం ఎక్కడో వేలితో చూపించింది. "టర్మ్‌కోసారి వచ్చి చూస్తామండీ. పాప కుదురుకుంటే హెల్పర్‌ని తీసేస్తాం. అవసరం ఉన్న ఇంకో బిడ్డకి ఇవ్వాలి కదా."

"హెల్పర్ ఉంటేనే కదండీ కుదురుకునేది? కుదురుకుందని తీసేస్తే?"

"రూలండీ" అంది, వాన పడుతోందండీ అన్నంత తేలిగ్గా.

సంతకం పెట్టాను. పెట్టి, "థాంక్యూ మేడమ్" అన్నాను. అనాలని అనుకోలేదు, నోట్లోంచి వచ్చేసింది. ఆ రోజు నేను చూసిన అసహ్యాలన్నిటిలోకీ ఆ మాటే ఇప్పటికీ నా నాలుక మీంచి పోదు.

ఇంటికి నడుస్తున్నాం. పిల్ల గొంతు బొంగురుపోయింది. గుడ్డని పిడికిట్లో ఉండ చుట్టి పట్టుకుంది. రోడ్డు దాటడానికి ఆగినప్పుడు అడిగింది.

"అమ్మా, ఆ ఆంటీ మళ్ళీ వస్తుందా?"

"వస్తుంది."

"మొన్న కదలకుండా కూర్చుంటే పెద్ద మేడమ్‌కి కోపమొచ్చింది. ఇవాళ అరిస్తే నవ్వింది." ఉండ చుట్టిన గుడ్డని ఇంకాస్త బిగించింది. "ఈసారి వస్తే కూర్చోవాలా, అరవాలా?"

వ్యాన్లు పోతున్నాయి, బస్సులు పోతున్నాయి, రోడ్డు ఖాళీ అయ్యింది, మళ్ళీ నిండింది. నేను దాటలేదు. అక్కడే కిందకి వంగి దాని పిడికిలి నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను.

"నువ్వేదీ చెయ్యక్కర్లేదు. ఈ గుడ్డ మాత్రం ఎవరికీ ఇవ్వకు."

"పెద్ద మేడమ్ అడిగితే?"

"ఇవ్వకు. ఎవరడిగినా ఇవ్వకు."

"నువ్వడిగితే?"

పొద్దున్న ఎంత ఇష్టంగా నా చేతిలో పెట్టిందో గుర్తొచ్చింది.

"నేనడిగినా ఇవ్వకు" అన్నాను.