రెండు వేళ్లకు దారం

గంప ఎత్తగానే కోడిపిల్లలు రజిత పాదాల మీదికి పొర్లుకుంటూ వస్తున్నాయి, నిన్ననే గుడ్డు పగిలి బయటపడ్డవి, ఇంకా కాళ్లు సరిగా నిలవనివి. గంప పక్కన పీట మీద అమ్మమ్మ ఎల్లవ్వ కూర్చుని ఉంది. ఆమె పోయి మూడేళ్లయిందని రజితకు తెలుసు, ఆ మాట పైకి అంటే లేచి వెళ్లిపోతుందేమోనని నోరు మెదపడం లేదు.

"ఏందే, తల్లివైనంక చేతులు మొద్దుబారినయా? ఆ నీళ్ల గిన్నె ఇటు జరుపు."

అమ్మమ్మ గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి, ఒక పిల్ల ముడ్డికి అంటుకుని గట్టిపడిన రెట్టను నానబెట్టి నానబెట్టి తుడుస్తుంది, ఆముదం చుక్క రాస్తుంది. కాళ్లు చెరో పక్కకు జారిపోతున్న ఇంకో పిల్లను ఒళ్లో పెట్టుకుని, తన నీలం చీర అంచు నుంచి ఒక పోగు లాగి, రెండు కాళ్లనూ దగ్గరికి తెచ్చి వదులుగా కడుతుంది.

"రెండు దినాలల్ల నడుస్తది. దీనికింత బుగులు దేనికే?"

రజితకు బుగులే, లోపల ఒకటే భయం. చూస్తుండగానే పీట కింది నేల బడి వరండా అవుతుంది, ఏడో తరగతితో ఆమె వదిలేసిన బడి, గోడ పొడవునా బోర్లించిన గంపలు, ఆ గంపల్లోంచి కోడిపిల్లల కీచు కాదు, తొమ్మిది రోజుల తన పాప ఏడుపు వస్తోంది.

"ఇగ దీన్ని నువ్వు తుడువు" అని అమ్మమ్మ మరో పిల్లను ఆమె అరచేతిలో పెడుతుంది.

ముడ్డికి కాస్త ముందు, పొట్ట మీద నల్లటి చెక్కు. రజిత గుర్తుపడుతుంది. ఇదే పిల్ల. చిన్నప్పుడు రెట్ట అనుకుని తను పీకేసిన చెక్కు ఇదే. అది రెట్ట కాదు, బొడ్డు. సాయంత్రానికి పిల్ల చచ్చిపోతే పెంటకుప్పలో దాచేసి, గద్ద ఎత్తుకుపోయిందని చెప్పింది.

"అమ్మమ్మా, గద్ద కాదే. నేనే పీకిన."

"నాకెర్కలేదా? గద్దొస్తే తల్లికోడి ఊకుంటదా, వాడంత లేపదా? నువ్వా పూట బువ్వ తినలే."

"మరి తిట్టకపోతివి?"

"నువ్వే చెప్తవని చూసిన. చూసి చూసి నేనే పోతి." బోసినోటితో నవ్వుతుంది.

ఆ నవ్వు ఆగేలోపే అరచేతిలో కోడిపిల్ల ఉండదు, పాప పొట్ట ఉంటుంది, దాని మీద నల్లగా ఎండి, ఒక అంచున లేచిన బొడ్డు. ఇంకా రాలలేదేమిటని వచ్చినవాళ్లంతా అడుగుతున్న బొడ్డు. కొంచెం లాగితే చాలనిపిస్తుంది. రజిత వద్దనుకుంటూనే ఉంది, బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే దగ్గరికి పోతున్నాయి.

"నా చెయ్యి ఆగుతలేదే అమ్మమ్మా! పట్టుకో, జల్ది పట్టుకో!"

అమ్మమ్మ తొందరపడదు. చీర అంచు నుంచి ఇంకో పోగు లాగి, ఆ రెండు వేళ్లనూ కలిపి చుడుతుంది. "ముట్టకు. ఎండి, అదే రాలుతది."

"రాలకపోతే?"

పీట ఖాళీ. పైనుంచి గంప దిగివచ్చి ఇద్దరినీ, తననూ పాపనూ, మూసేస్తుంది.

రజిత ఉలిక్కిపడి కళ్లు తెరుస్తుంది. మధ్యాహ్నపు ఎండ. పక్కలో పాప నిద్రపోతోంది, పొత్తిగుడ్డ తొలగిపోయి ఉంది, తన కుడిచెయ్యి పాప పొట్ట మీద ఉంది. చూడాలంటే గుండె చాలదు. చూస్తుంది. నెత్తురు లేదు. బొడ్డు ఎక్కడిదక్కడే ఉంది.

చెయ్యి తీయబోతే రెండు వేళ్లు విడివడవు. పొత్తిగుడ్డల కోసం చింపిన అమ్మమ్మ పాత చీర, దాని అంచు నుంచి ఊడిన నీలం పోగొకటి, బొటనవేలినీ చూపుడువేలినీ కలిపి చుట్టుకుని ఉంది.