కాగితంలో తక్కువైన నాలుగు వేలు

పూణెకు పోయిన మంగేశ్ ఆర్నెల్లకే ఫ్రిజ్ కొన్నాడని అతని తల్లి సుందరాబాయి నల్లా దగ్గర చెప్పిందట. ఆ మాట సోలాపూర్ నీలం నగర్ సందులన్నీ తిరిగి, మరమగ్గాల షెడ్డులో ఉన్న సిద్ధరాములు చెవిన పడేసరికి ఫ్రిజ్ కాస్తా ఫ్లాటయింది.

అయితే మంగేశ్ తను పనిచేసే గోదాములో సిద్ధరాములుకూ కొలువు చూసిన మాట మాత్రం నిజం. నెల పగార్ ఇరవై రెండు వేలు. ఆదివారం లోపల అవునో కాదో చెప్పాలి. ఇక్కడ తువాళ్లు నేస్తే నెలకు వచ్చేది పన్నెండు.

శనివారం సాయంత్రం ఇంటి అరుగు మీద లెక్కకు కూర్చున్నాడు. కాలేజీకి పోయే కూతురు శీతల్ ఏ ఊళ్లో బతకడానికి ఎంతవుతుందో ఫోన్‌లో చూసి చదివింది. పూణె ఉంది, హైదరాబాద్ ఉంది. ఇంటి కిరాయి కింద జిమ్ము ఖర్చు కూడా ఉంది.

"బరువులు మోసేటందుకు పైసలు మనమే ఇయ్యాల్నా?" అన్నాడు సిద్ధరాములు.

సోలాపూర్ మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ఇక తనే కాగితం మీద నిలువు గీత గీశాడు. పూణెలో ఒంటిగది ఖోలీ కిరాయి, సరుకులు, బస్సు, పిల్ల చదువు కలిపితే ఇరవై రెండు. వచ్చిందీ పోయిందీ సరి. ఇక్కడ సొంతిల్లు, కిరాయి లేదు. అయినా ఖర్చు పదహారు తేలింది. మళ్లీ కూడాడు. శీతల్ చేత కూడించాడు. అదే నాలుగు వేలు తక్కువ.

మరి ఇన్నేళ్లూ ఎట్లా గడిచింది? ఎవరి దగ్గరా అప్పు తెచ్చింది లేదు. గ్యాసు ఆగలేదు, ఫీజు ఆగలేదు. తప్పు లెక్కదో తన బుర్రదో అంతు చిక్కలేదు.

అయ్యా, ఊళ్లను పోల్చే లెక్కలు మనమూ వేస్తాం. కిరాయి రాస్తాం, బియ్యం రాస్తాం, పాల ప్యాకెట్టు కూడా మరవం. రోజూ కళ్లెదుట కనిపించేదే మన కలానికి అందదు.

"ఎట్ల చూసినా పూణెనే నయం. ఈడ ఉంటే మునుగుతం," అన్నాడు సిద్ధరాములు చివరికి.

గడప పక్కన, ఒళ్లో చాట పెట్టుకుని పొద్దుటి నుంచి బీడీలు చుడుతున్న భార్య చంద్రభాగ, చేతిలోని బీడీకి దారం కట్టి కింద పెట్టింది.

"ఆ నాలుగు వేలు ఇరువై ఏండ్ల సంది నా వేళ్లల్లకెల్లి వస్తున్నయి. పూణెల నాకు బీడీలు చుట్టెటందుకు తునికాకు ఎవరిస్తరు? నీ కాయిదం మీద రెండు ఊర్లున్నయి గని, నేను ఏ ఊర్ల లేను."