క్యాన్ అడుగున తేదీ

కళ్లద్దాల కొట్టు నడిపేవాడికి ముక్కు వల్ల పేరొచ్చిందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. పగలంతా వచ్చినవాళ్ల చేత గోడమీది అక్షరాలు చదివించి, సాయంత్రం షట్టర్ సగం దించి, వెనక గదిలో కూర్చుని అతను బీర్ల మీద ఉత్తరం రాసేవాడు. అదీ అన్ని బీర్ల మీదా కాదు. చిన్న చిన్న బ్రూవరీలలో హాప్స్ పువ్వు దండిగా వేసి కాచే చేదు బీర్ల మీద మాత్రమే. ఏ తోటలో ఈ ఏడు పువ్వు బాగా దిగింది, ఎవరు కొత్త ట్యాంకు తెచ్చుకున్నారు, ఎవరు తలుపులు మూసేసుకున్నారు, ఏ వారం ఎక్కడ ఏ రకం బయటికొస్తోంది, ఇలాంటి వార్తలన్నీ పోగేసి, తను తాగి చూసినవాటి మంచిచెడ్డలు జతచేసి, శుక్రవారం పొద్దున్నే నాలుగొందలమందికి మెయిల్లో పంపేవాడు. దానికి 'చేదు కబుర్లు' అని పేరు. అతనికి ముక్కు అని పేరు పెట్టింది వాళ్ల బావ. చదివేవాళ్లు మర్యాద కోసం దానికి 'గారు' తగిలించారు.

ఉత్తరం చివర 'సింకులో పోసినవి' అని ఒక శీర్షిక ఉండేది. అందరూ ముందు అదే చదివేవాళ్లు. హాప్స్ పువ్వు వాసనల్లో పండ్ల వాసనలూ ఉంటాయిగానీ, అవి నిలవ ఉండే సరుకు కాదు. రోజులు గడిచినకొద్దీ పువ్వూ పోతుంది, పండూ పోతుంది, తడిసిన అట్టపెట్టె వాసన మిగులుతుంది. అలాంటిది చేతికి తగిలితే అతనికి దయాదాక్షిణ్యాలు ఉండేవి కావు. పేరు పెట్టి మరీ ఉతికి ఆరేసేవాడు. ఉత్తరం నెత్తిన ప్రతివారం ఒకే ముక్క అచ్చయ్యేది: 'క్యాన్ అడుగున తేదీ చూడండి. తొంభై రోజుల్లోపు తాగేయండి.' మొదట్లో 'చల్లగా ఉంచి' అనే మాట కూడా అందులో ఉండేది. ఆ మాత్రం తెలియనివాడు తన ఉత్తరం చదువుతాడా అని అతను దాన్ని ఎప్పుడో కొట్టేశాడు.

బావ బ్రూవరీ ఒక పాత టైర్ల గోదాములో ఉండేది. నాలుగు స్టీలు ట్యాంకులు, ఒక నిచ్చెన, మూల గోనెసంచులు. బావ ఏ ట్యాంకునూ బావమరిది ముక్కు దాటించకుండా క్యాన్లకి ఎక్కించేవాడు కాదు. చిన్న గ్లాసులో పట్టి ఇచ్చి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, పరీక్షాఫలితాల కోసం నిలబడ్డవాడిలా ఎదురుగా నిలబడేవాడు. ఒకసారి అతను ఆ సొంత బావ బీరునే సింకులో పోసి, పోసినట్టు ఉత్తరంలో రాశాడు. బావ పడీపడీ నవ్వాడు. అక్క మాత్రం నెలరోజులు తమ్ముడికి కాఫీ పెట్టలేదు.

అక్క బీరు తాగేది కాదు. మెషీను కొనకముందు ప్రతి క్యానుకీ లేబుల్ అంటించింది ఆవిడే. ఏది ఇచ్చి వాసన చూడమన్నా, "అన్నీ చేదేనండీ, నాకేం తేడా తెలీదు" అనేసేది. ఆవిడకి తెలిసిన వాసనల్లా ఒకటే, నారింజ తొక్క. తిన్న ప్రతి నారింజ తొక్కనీ ఎండబెట్టి, గుడ్డసంచుల్లో మూటకట్టి, బీరువాలో బట్టల మధ్య పెట్టుకునేది. ఆ ఇంట్లో తువ్వాలు అడిగినా నారింజ వాసనతోనే వచ్చేది.

చివరి ట్యాంకు కాస్తున్నప్పుడు బావ ఆవిడతో పందెం కాశాడు. "ఈసారిది నీ ముక్కుకి కూడా అందుతుంది చూడు. నీ తమ్ముడి సాయం అక్కర్లేదు. మూత తీయగానే ఏం వాసనో నువ్వే చెప్తావు. చెప్పలేకపోతే నేను ఈ పనే మానేస్తా."

"మానేద్దురుగాని, ముందు ఆ చేతులు కడుక్కుని రండి," అంది అక్క.

ఆ మర్నాడు బావ రెండో విడత హాప్స్ ట్యాంకులో వేసి, నిచ్చెన దిగి, గోనెసంచుల మీద కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

పది రోజుల తర్వాత పక్కవీధి బ్రూవరీ ఆయన వచ్చి, తన పని మానుకుని, ఆ ట్యాంకుని క్యాన్లకి ఎక్కించిపెట్టాడు. మొదటి క్యాను తీసుకెళ్లి అక్క చేతిలో పెట్టాడు. తమ్ముడి వాటాకి ఆరు వచ్చాయి, మిగతావి ఎప్పటిలా ఉత్తరం చదివేవాళ్లే కొనుక్కుపోయారు. అప్పటికి తమ్ముడు ఏడ్చి ఏడ్చి, దాని మీద జలుబు చేసి, పచ్చి ఉల్లిపాయ పక్కన పెట్టినా తెలియని స్థితిలో ఉన్నాడు. ఇంకెవరైనా అయితే ఆ ఆరింటినీ ఫ్రిజ్‌లో పెట్టుకుని ఒక్క పదిరోజులు ఆగేవాళ్లు. ఇతను అలాంటిలాంటి మనిషా? తాజాగా తాగాల్సిన బీరుని తన జలుబు కోసం ఆపడం పాపమని, ఆరుగురు పాఠకుల్ని పిలిచి పంచేశాడు. పైగా ఉత్తరంలో రాశాడు: 'మా బావ చివరి బీరు. జ్ఞాపకమని దాచుకోకండి. ఈ వారమే తాగేయండి.'

చెప్పిన మాట వినే పాఠకులు దొరకడం కూడా ఒక ఖర్మ. అందరూ తాగేశారు. ఎలా ఉందో రాస్తూ పందొమ్మిదిమంది జవాబులు పంపారు. గోటితో నారింజ తొక్క నొక్కినట్టుందని ఒకరు, మూత తీయగానే గదంతా నారింజే అని ఒకరు, మామిడి ముచ్చిక కూడా ఉందిగానీ ముందు నారింజే తగులుతుందని ఒకరు. పందొమ్మిది ఉత్తరాల్లోనూ ఆ మాట ఉంది. ముక్కు తెరుచుకున్న రోజున కొట్టు వెనక గదిలో అవన్నీ వరసగా చదివి అతను బల్ల మీద తల పెట్టుకున్నాడు. బావ పందెం గెలిచాడు. గెలిచినట్టు చూడాల్సిన మనిషి ఇంకా మూత తీయలేదు.

నాలుగొందలమందిలో ఒక్కడి దగ్గరైనా ఒక్క క్యాన్ మిగిలి ఉంటుందేమోనని అందరికీ ఫోన్లు చేశాడు. "మీరే కదండీ దాచుకోవద్దన్నారు," అన్నారు. ఇక మిగిలింది అక్క దగ్గరున్నదే.

ఆదివారం మధ్యాహ్నం అక్కావాళ్లింటికి వెళ్లాడు. మంచినీళ్ల వంకతో ఫ్రిజ్ తెరిచాడు. పాలు, పెరుగు, నిన్నటి కూర, సగం కోసిన నిమ్మకాయ ఉన్నాయి. క్యాన్ లేదు.

"దేనికోసంరా వెతుకుతున్నావ్?"

"బావ క్యాన్ ఏదక్కా?"

అక్క కిటికీ పక్కన గూడు చూపించింది. రేడియో పక్కన బావ కళ్లజోడు, దాని పక్కన క్యాన్. ఆ కళ్లజోడు తమ్ముడు చేసిచ్చిందే. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి వచ్చి సరిగ్గా ఆ గూట్లోనే పడుతోంది. అతను దగ్గరికెళ్లి క్యాన్ మీద చెయ్యి వేశాడు. కాఫీ పోసిన గ్లాసంత వెచ్చగా ఉంది. తిప్పి అడుగున తేదీ చూశాడు. మూడు వారాలైంది. చల్లగా ఉంచితే మూడు నెలలు బతికే బీరు, అలాంటి ఎండలో మూడు వారాలు బతకడమే ఎక్కువ.

"ఫ్రిజ్‌లో పెడదామా అక్కా?"

"ఫ్రిజ్‌లోనా? నిన్నటి కూర పక్కనా? మీ బావని అక్కడ పెట్టమంటావా?" అక్క మొహం ఎర్రబడింది. "ఇక్కడుంటే వంట చేస్తున్నప్పుడు కనపడుతుంది. నాలుగు మాటలు మాట్లాడుకుంటాను. ఆయన పుట్టినరోజున తెరుద్దాం, నువ్వు రా. అప్పటికి కూడా తొంభై రోజులు కావులే, నేను లెక్క చూసుకుంటూనే ఉన్నా."

"తొంభై రోజులని నీకెవరు చెప్పారు?"

"నువ్వే కదరా. ప్రతి శుక్రవారం నెత్తిన రాస్తావుగా. నేను చదవననుకున్నావా? ఒక్క వారం కూడా వదల్లేదు."

నాలుగొందలమందిలో 'చల్లగా ఉంచి' అన్న ఆ రెండు మాటలు అవసరమైన మనిషి ఒకే ఒక్కరు. ఆ రెండూ అనవసరమని కొట్టేసింది తనే. ఆ క్షణాన చెప్పేసి ఉండాల్సింది. 'అక్కా, ఎండలో పెడితే పోతుంది, సగం పోయే ఉంటుంది, తప్పు నాదే' అని చెప్పేస్తే ఒక ఏడుపుతో పోయేది. కానీ అక్క అప్పుడే కళ్లజోడు అద్దాలు కొంగుతో తుడిచి, జాగ్రత్తగా క్యాన్ పక్కన సర్దింది. అది చూశాక అతను నీళ్లు నమిలి, కాఫీ తాగి, ఇంటికొచ్చేశాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్లాడు. వెళ్లి చేసిందేమీ లేదు. ఒకసారి కిటికీకి దళసరి కర్టెన్ కొనుక్కెళ్లి తగిలించాడు. "చీకటిగా ఉందిరా, ఆయనకి వెలుతురు ఇష్టం," అని అక్క పక్కకి లాగేసింది. ఇంకోసారి ఆవిడ వంటింట్లో ఉండగా క్యాన్‌ని రేడియో వెనక నీడలోకి జరిపాడు. వచ్చే ఆదివారానికి మళ్లీ ముందుకొచ్చి కూర్చుంది. మనిషి కళ్లెదుట మంచానపడితే డాక్టర్నైనా పిలుస్తాం. దీనికి ఎవర్ని పిలవాలి? వారం వారం దాని మీద చెయ్యి వేసి వెచ్చదనం చూడటం తప్ప అతనికి చేతనైన పని లేకపోయింది. ఇప్పుడు చెబితే, 'మొదటి రోజే ఎందుకు చెప్పలేదురా' అంటుంది. ప్రతి ఆదివారం ఆ ప్రశ్న ఒక వారం బరువెక్కుతూ వచ్చింది.

'చేదు కబుర్లు'లో ఆ రోజుల్లో 'సింకులో పోసినవి' శీర్షిక కనపడలేదు. పాఠకులు ఎందుకని అడిగారు.

బావ పుట్టినరోజు వచ్చింది. అక్క ఇస్త్రీ చీర కట్టుకుంది. బావ వాడే చిన్న గ్లాసులు రెండు తీసి, తుడిచి, బల్ల మీద పెట్టింది. అరగంట ముందు ఫ్రిజ్‌లో పెట్టానని, చల్లగానే తాగాలని తనకి తెలుసని గర్వంగా చెప్పింది. తమ్ముడు ఊ కొట్టాడు.

మూత తీశాడు. గదంతా నిండాల్సింది. ఏమీ రాలేదు. గ్లాసులో పోస్తే, లేత పసుపు రంగులో ఉండాల్సింది పాత రాగిరేకు రంగులో దిగింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అదే, తడిసిన అట్టపెట్టె. దాని వెనక చల్లారిపోయిన టీ. ఇంకా లోపల ఎక్కడైనా బావ ఉన్నాడేమోనని కళ్లు మూసుకుని వెతికాడు. లేడు. ఇరవయ్యేళ్లుగా వందల బీర్ల గురించి తడుముకోకుండా తీర్పు చెప్పిన మనిషి ఆ గ్లాసు పట్టుకుని కళ్లు తెరవడానికి భయపడ్డాడు.

"ఎలా ఉందిరా? చెప్పు." ఎదురుగా అక్క నిలబడి ఉంది, సరిగ్గా బావ నిలబడినట్టే.

"చాలా బాగుందక్కా." అన్నాడు. "నారింజ తొక్క. గోటితో నొక్కితే చిమ్ముతుంది చూడు, అదే. ముందు అది, తర్వాత కొంచెం మామిడి ముచ్చిక." పందొమ్మిది ఉత్తరాలూ కంఠతా వచ్చు. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. ఈ గ్లాసులో తప్ప అన్నిచోట్లా నిజమే.

"నారింజా?" అక్క కళ్లు నీళ్లతో నిండాయి. "నాకోసమేరా. నాకు తెలుస్తుందనే వేశారు." ఆత్రంగా తన గ్లాసు తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. మళ్లీ పీల్చింది. ఒక గుక్క తాగింది. మొహంలో వెలుగు మెల్లిగా తగ్గిపోవడం తమ్ముడు చూస్తూ కూర్చున్నాడు.

"నాకేం రావట్లేదేరా?"

అక్క లేచి లోపలికి వెళ్లింది. బీరువా తలుపు చప్పుడైంది. గుడ్డసంచి ఒకటి పట్టుకొచ్చి, ముడి విప్పి, అందులోని తొక్కల్ని వాసన చూసింది. ఎన్నాళ్లనాటివో, వడలి గట్టిపడి ఉన్నాయి. ఇందులోంచి అందులోకి, అందులోంచి ఇందులోకి ముక్కు మార్చింది. తర్వాత సంచి బల్ల మీద పెట్టేసింది.

"ఇదీ సరిగ్గా అందట్లేదురా. ఏడ్చి ఏడ్చి నా ముక్కే పోయినట్టుంది."

"అలా ఏం కాదక్కా, అది..."

"నువ్వు ఊరుకో. నీ ముక్కు ఎప్పుడైనా తప్పు చెప్పిందా? సొంత బావదే సింకులో పోసినవాడివి. నువ్వు ఉందంటే ఉంది. ఆయన చేయాల్సింది చేసే వెళ్లారు. నాకే అందలేదు."

అతను నోరు తెరిచాడు. నిజం చెబితే, భర్త చివరిసారి చేసింది తన చేతులతో తనే పాడుచేసుకున్నానని ఆవిడకి తెలుస్తుంది. చెప్పకపోతే, ఆయన అంత ప్రేమగా చేసింది అందుకోలేని దౌర్భాగ్యురాలినని ఆవిడ బతికినన్నాళ్లూ అనుకుంటుంది. రెండూ తన చేతలే.

"ఒరే, ఒక్క పని చెయ్యి," అంది అక్క కళ్లు తుడుచుకుంటూ. "శుక్రవారం ఉత్తరంలో రాయి. మా అక్కకి కూడా అందిందని రాయి. మూత తీయగానే 'నారింజ' అని చెప్పిందని రాయి. లేకపోతే ఆయన పందెం ఓడిపోయినట్టవుతుంది."

"ఊ."

"తప్పకుండా రాయాలి."

"రాస్తానక్కా."

ఆవిడ తన గ్లాసులో మిగిలింది అతని గ్లాసులో వంచింది. క్యాన్‌లోది కూడా చివరి చుక్క దాకా పోసింది. ఖాళీ క్యాన్‌ని కడిగి, తుడిచి, తీసుకెళ్లి కళ్లజోడు పక్కన ఎండలో పెట్టింది. తర్వాత వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నువ్వు తాగు. నీకైనా తెలుస్తుంది కదా. మెల్లిగా తాగు, ఎక్కడెక్కడ ఏమేం తగులుతోందో నాకు చెబుతూ తాగు."

అతను తాగాడు. గుక్క గుక్కకీ ఆగి, ఏమేం తగులుతోందో చెబుతూ తాగాడు.