పన్నెండో ఫారం

పుస్తకం మడిచే మనిషికి పుస్తకం చదివే హక్కు లేదన్నవాళ్లారా, తప్పు మీది. ఓనరుది, ఆయన మాటకల్లా తలూపే మేస్త్రీది, "మడతపెట్టేవాళ్లకు కథలెందుకు" అని ఇకిలించిన ఆఫీసు గుమాస్తాది. ఆ మడత హాల్లో పదిహేడేళ్లుగా చేతులరగదీసుకున్న గడగడమ్మ ఒక్క పుస్తకాన్నీ మొదటినుంచి చివరిదాకా చదవలేదు. దానికి జవాబు మీరే చెప్పాలి.

అక్కడి పని అలాంటిది. అచ్చయిన పెద్ద కాగితాన్ని మడిస్తే పదహారు పేజీలు. అది ఒక ఫారం. ఒక్కో బల్లకు ఒక్కో ఫారం. మడిచినవన్నీ లారీ ఎక్కి వేరే చోట కుట్టుకు పోతాయి. నోరు ఊరుకోని గడగడమ్మది పదకొండో బల్ల. ఏ పుస్తకమైనా ఆమెకు తెలిసేది నడిమధ్య పదహారు పేజీలే. ఎవరో చస్తారు. ఏడవాలో, పీడా విరగడైందనుకోవాలో తెలియదు.

ఆ వారం వచ్చింది యుద్ధకాలపు నవల. ఒక సేనాధిపతి ఊరినంతా బూటుకింద పెట్టుకున్న కథ. భోజనాల దగ్గర ఎవరి ఫారం వాళ్లు చెప్పుకునేవాళ్లు.

"నా దాంట్లో ఆయన కొత్త ఆర్డరేశాడు," అన్నాడు నాలుగో బల్ల తాత. "ఊళ్లో గడియారాలన్నీ ఆయన చేతి గడియారం ప్రకారమే నడవాలట."

"అది ఆగిపోతే?"

"మనకు సెలవు."

మేస్త్రీకి కూడా నవ్వొచ్చింది. దగ్గుగా మార్చేసుకున్నాడు.

గడగడమ్మ ఫారంలో ఉత్తరాలు పంచే ఆవిడ ఒకతె. సంచి అడుగున తిరుగుబాటు కబుర్లు మోస్తుంటుంది. ఫారం చివర ఆవిడ చేతిలో ఒక చీటీ పడుతుంది: రేపు ఆరింటికి నీకోసం సిపాయిలొస్తున్నారు. సరిహద్దు దాటే రైలేమో ఆరున్నరకు. అంతే, కాగితం అయిపోయింది.

"ఆవిడ బతికిందో లేదో తేలకపోతే నాకు ముద్ద దిగదు," అంది గడగడమ్మ.

తేల్చాల్సిన పన్నెండో బల్ల ఆమె సొంత అన్న పెళ్లానిది. ఆ ఇద్దరికీ మూడు నెలలుగా మాటల్లేవు. "నీ మడతా నీ నడకలాగే వంకర" అని వదిన నలుగురిలో అనేసింది. అప్పట్నుంచి వదిన భోజనం వేరే మూల.

చిరిగినవీ సిరా పూసుకున్నవీ బల్ల కింది తుక్కుబుట్టలో పడతాయి. వాటిని ఎవరు తీసుకున్నా అడిగేవాడు లేడు. గడగడమ్మ బల్లబల్లకూ తిరిగి ఏరింది. ఇరవై ఫారాల పుస్తకానికి పందొమ్మిది దొరికాయి. పన్నెండో బుట్ట మాత్రం ఖాళీ. వదిన ఇన్నేళ్లలో ఒక్క కాగితం చెడగొట్టిన పాపాన పోలేదు. మేస్త్రీ ఆమె పేరు చెప్పి మిగతావాళ్లను సాధిస్తాడు.

శనివారం వచ్చింది. సాయంత్రం లారీ. ఆ తర్వాత ఆ ఫారం మళ్లీ కంటపడదు. గడగడమ్మ రోషం దిగమింగి వెళ్లి నిలబడింది.

"వదినా, ఒకటి చెడగొట్టు."

"నోరు తెరుచుకుందే. మూడు నెలలు చెవులు హాయిగా ఉన్నాయి."

"తిట్టు. తిడుతూనే ఒకటి చెడగొట్టు."

"నా చేతికి ఆ అలవాటు లేదమ్మా."

"పోనీ చెప్పు. ఆవిడ బతికిందా?"

వదిన చేతులు ఆగాయి. "ఏ ఆవిడ? నా దాంట్లో మొదలే ఖాళీ ఇంట్లోకి సిపాయిలు జొరబడతారు. ఎవరిల్లో, ఎందుకు జొరబడ్డారో తెలియక వారంనుంచి బుర్ర తినేస్తోంది. నిన్నడుగుదామంటే మొహం చెల్లలేదు."

గడగడమ్మ అక్కడే, నిలువుకాళ్ల మీద, తన పదహారు పేజీలూ ఏకబిగిన చెప్పేసింది. వదిన వింటూ వింటూ బల్లమీద చరిచి నవ్వింది. ఒక కాగితం తీసింది. హాలంతా చూస్తుండగా, మేస్త్రీ కళ్లెదుటే, కుక్క చెవిలా వంకరగా మడిచి బుట్టలో పారేసింది.

"చెయ్యి జారింది మేస్త్రీగారూ. నేనూ మనిషినేగా."

మేస్త్రీ బుట్టలోకి వంగి చూశాడు.

తాత జేబులోని సూదీదారంతో ఇరవై ఫారాలూ కలిపి కుట్టాడు. అట్ట లేదు, అంచు లేదు. భోజనాల వేళ గడగడమ్మ, అందరూ చెప్పుకున్న మొదటి పదీ వదిలి, పదకొండో ఫారంనుంచి గొంతెత్తి చదివింది. కథ పన్నెండుకు చేరేసరికి గంట మోగి అందరూ బల్లల దగ్గరికి పోయారు. ఆమె ఆపలేదు, వాళ్ల చేతులూ ఆగలేదు. సేనాధిపతి గడియారం గంట వెనకబడి నడుస్తోందట. ఆ సంగతి ఆయనకు చెప్పే దమ్ము ఎవరికీ లేదు. సిపాయిలు ఆయన గడియారంలో ఆరింటికి, అంటే అసలు ఏడింటికి, బయల్దేరారు. అవతలి దేశపు రైలుకు ఆయన ఆర్డరు పట్టదు, అది అసలు టైముకే పోయింది. ఉత్తరాలావిడ అందులో కూర్చుని ఉంది.

హాలు విరగబడి నవ్వింది. అరవడానికొచ్చిన మేస్త్రీ స్టూలు లాక్కుని, "తర్వాత?" అన్నాడు. లారీ వచ్చేసరికి కట్టలన్నీ గుమ్మం దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఏ శనివారమూ అంత తొందరగా పని తెమలలేదు.

నవ్వులు విని ఓనరు దిగొచ్చాడు. "ఏంటిది? పనా, పండగా?"

"రెండూనండీ," అంది వదిన. "చెప్పవే, నీ నోరెందుకుంది?"

గడగడమ్మ చెప్పింది. "సోమవారం యుద్ధాల చరిత్ర వస్తోందట. ఇంతకు రెట్టింపు లావట. ప్రతి బల్లమీదా మొదట మడిచిన కాగితం మాకివ్వండి. హాలు మధ్య కుర్చీ వేయించండి. రోజుకొకళ్లం కూర్చుని గట్టిగా చదువుతాం, మిగతావాళ్లు మడుస్తారు. చదివేవాళ్లకు అదీ పనిదినమే. ఆలోచించి చెప్తాననకండి. ఇక్కడే, ఇప్పుడే, అందరూ వినేలా సరేననండి."