కడిగితే పోయే బూడిద

మిరప కోతల రోజుల్లో ఎలీసమ్మ తెల్లారకముందే లేస్తుంది. పత్తికట్టెతో పొయ్యి రాజేసి, అన్నం వండి, క్యారేజీ కట్టుకుని బయల్దేరుతుంది. దారిలో ప్రతి గుమ్మం ముందూ ఆగి ముఠాలో ఆడవాళ్లని పేరుపేరునా తిట్టి లేపుతుంది.

"ఒసేయ్, మిరపకాయలు చెట్టు దిగి నీ దగ్గరికే వస్తాయనుకున్నావా?"

ఆమె ఆ ముఠాకి మేస్త్రీ. శివరామకృష్ణ చేలో కోత ఏళ్ల తరబడి ఆమె ముఠాదే. నడుస్తూ జపమాల చెబుతుంది. ఒక మంగళవార్త జపానికీ ఇంకో మంగళవార్త జపానికీ మధ్య నాలుగు తిట్లు పడుతుంటాయి. మరియమాతకి అలవాటైపోయే ఉంటుంది.

విభూతి బుధవారం నాడు మాత్రం ముందు గుడికి వెళ్తుంది. నిరుడు మ్రానికొమ్మల ఆదివారం నాడు పంచిన ఆకులు కాల్చిన బూడిదతో ఫాదర్ గారు అందరి నుదుటి మీదా సిలువ గీస్తారు. అందరిదీ మధ్యాహ్నానికి చెమటకి కారిపోతుంది. ఎలీసమ్మది ఈస్టర్ దాకా పోదు. చిన్నప్పట్నుంచీ అంతే. కుంకుడు రసంతో రుద్దినా, వానలో తడిసినా చెక్కుచెదరదు. ఈస్టర్ నాడు లేచేసరికి దానంతటదే ఉండదు. ఊళ్లో ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోరు. బస్సు కండక్టరు ఆమె నుదురు చూసి, ఈస్టర్ ఇంకా రాలేదన్నమాట అనుకుని టిక్కెట్టు కొడతాడు.

ఈ ఏడు శివరాత్రి, విభూతి బుధవారం, రంజాన్ నెల ఒకే వారంలో వచ్చిపడ్డాయి. బుధవారం ఆమె గుడి నుంచి చేలోకి వచ్చేసరికి, శివరామకృష్ణ కోటప్పకొండ తిరనాళ్లకి వెళ్లొచ్చి, నుదుటి నిండా విభూతి పట్టెలతో గట్టు మీద కుర్చీ వేసుకు కూర్చున్నాడు. నిరుడు నల్ల తామర పురుగు పడి ఆయన చేను మాడిపోయింది. కొట్టిన మందు కల్తీదని ఊరంతా మొత్తుకుంటే వినలేదు. ఎవడో వాస్తు చెప్పేవాడు వచ్చి, చేలోకి బూడిద మొహం వస్తోంది కాబట్టే పంట బూడిదైందంటే మాత్రం చెవులు రిక్కించి విన్నాడు.

"ఎలీసమ్మా, మొహం కడుక్కునిరా," అన్నాడు.

"అది పోదని మీకు తెలుసుగదయ్యా."

"పోకపోతే తలగుడ్డ కిందికి లాక్కో. నాకు కనపడకూడదు. ఇవ్వాళ్టికి ఇంటికి పోయి ఆలోచించుకో. కాదంటే కర్నూలు ముఠాకి ఫోన్ చేస్తా."

ఒళ్లు మండదూ! ఆయన నుదుటి మీదుంటే విభూతి, ఆమె నుదుటి మీదుంటే బూడిద. ఈ తేడా ఏ బడిలో నేర్పుతారో.

ఎలీసమ్మ తిన్నగా ఫాదర్ గారి దగ్గరికి వెళ్లింది. ఆయన అంతా విని నిట్టూర్చాడు.

"పోనీలేమ్మా. విశ్వాసం గుండెల్లో ఉంటే చాలు. ఆడవాళ్లందరి పనీ పోగొట్టుకోవడం ఎందుకు?"

"గుండెల్లో ఉంటే చాలయితే నుదుటి మీద ఎందుకు గీశారు ఫాదర్ గారూ? పొద్దునే చెప్పుంటే ఇంట్లోనే కూర్చునేదాన్నిగా!"

జవాబు కోసం ఆగకుండా వచ్చేసింది.

మర్నాడు దారిలో ఖాజాబీ పక్కన చేరింది. ఆమెకి ఆ రోజే మొదటి రోజా ఉపవాసం. ముఠాలో ఎలీసమ్మకి ఎదురు చెప్పగలిగేది ఆమె ఒక్కతే.

"అక్కా, మనలో పిల్లలున్నోళ్లున్నారు. కర్నూలోళ్లు దిగితే ఈ ఏడు మన నోట్లో మట్టే. ఎండకి రోజూ కట్టుకునే గుడ్డేగా, కాస్త కిందికి లాక్కో."

ఎలీసమ్మ గుడ్డని కనుబొమ్మల దాకా లాక్కుంది. ఆ రోజంతా ఎవర్నీ ఒక్క మాట తిట్టలేదు. ఆమెకి జ్వరమేమోనని ఆడవాళ్లు భయపడ్డారు. సాయంత్రం నీళ్ల డ్రమ్ము దగ్గర గుడ్డ విప్పింది.

"అక్కా," అంది ఖాజాబీ, "లేదు."

ఎలీసమ్మ ఖాజాబీ ఫోన్లో మొహం చూసుకుంది. నుదురు బోసిగా ఉంది. ఈస్టర్ ఇంకా ఎక్కడో ఉంది.

"చూశావా!" అన్నాడు శివరామకృష్ణ సంబరంగా. "ఒక్క పూట కప్పితే పోయేదానికి ఇన్నేళ్లూ మొండికేశావు."

ఆ సాయంత్రం ఆమె ఇంట్లో మరియమాత పటం ముందు నిలబడి చేసిన ప్రార్థన వీధి చివరికి వినిపించింది. "పేతురు గారు మీ కొడుకుని ముమ్మారు ఎరగనన్నాడు. అయినా ఆయన చేతిలో పరలోకం తాళాలు ఉండనిచ్చారు. నేను పదిమంది కూటి కోసం ఒక్క పూట గుడ్డ కప్పుకుంటే, నాకున్న ఒక్కటీ లాక్కున్నారే! ఇదేం న్యాయమమ్మా?"

ఎలీసమ్మ అన్నం తినకుండా పడుకుంది.

పొద్దున్నే చల్లారిన పొయ్యి ముందు కూర్చుని, వేలు తడుపుకుని, పత్తికట్టె బూడిదతో నుదుటి మీద సిలువ గీసుకుంది. అది వంకరగా వచ్చింది. సగం రెప్పల మీద రాలింది.

"మళ్లీ ఏంటిది?" అన్నాడు శివరామకృష్ణ. "నిన్న పోయిందిగా?"

"అది వేరు. ఇది నా పొయ్యిలోదయ్యా."

"కడిగితే పోతుందా?"

"పోతుంది."

"అయితే కడుక్కో."

నీళ్ల డ్రమ్ము పక్కనే ఉంది. సంచులు నడుముకి కట్టుకుని ఆడవాళ్లంతా ఆమెనే చూస్తున్నారు. ఇన్నేళ్లూ 'పోదయ్యా' అంటే సరిపోయింది. పోనిదాన్ని ఎవరేం చెయ్యగలరు? ఆమె ఇష్టమేంటో ఎవరూ అడగాల్సిన పని లేకపోయింది. ఆమె కూడా ఎప్పుడూ చెప్పలేదు.

"కడుక్కోను," అంది ఎలీసమ్మ.

శివరామకృష్ణ కుర్చీలోంచి లేచాడు. "అయితే ఇక్కడ మేస్త్రీవి నువ్వు కాదు. ఖాజాబీ, ముఠాని నువ్వు చూసుకో."

ఖాజాబీ నడుముకి కట్టిన సంచి విప్పబోయింది. "నేనూ వచ్చేస్తా అక్కా."

"నోర్ముయ్! పిల్లలున్నోళ్లున్నారని చెప్పింది నువ్వే. పో, సాలు పట్టు."

ఎలీసమ్మ గట్టు వెంట నడిచి, కౌలుకి చేస్తున్న యలమంద చేలోకి వెళ్లింది. మేస్త్రీ పని లేదు, కూలికైతే రమ్మన్నాడతను. కూలికే వచ్చానంది. తనకంటే చిన్నదైన అక్కడి మేస్త్రీ ఏ సాలు చూపిస్తే ఆ సాలు పట్టింది. ఎండెక్కేకొద్దీ చెమట పట్టి బూడిద కంట్లోకి దిగింది. మిరపకాయలు కోసే చేత్తో కన్ను నులుముకోకూడదు. మోచేత్తో తుడుచుకుంటూ శివరామకృష్ణని, వాస్తువాణ్ణి, ఫాదర్ గారిని, తనని, ఆఖరికి పైనున్నాయన్ని కూడా తిట్టింది. మధ్యాహ్నానికి నుదుటి మీద ఏమీ మిగల్లేదు.

మర్నాడు పొద్దున సిలువ గీసుకున్నాక, కారిపోయినప్పుడల్లా మళ్లీ పెట్టుకోవడానికి ఇంకో గుప్పెడు బూడిద కాగితంలో పొట్లం కట్టి కొంగున ముడేసుకుంది.