తలపైన వేలెడు జాగా

గోడమీది తెరలో ఒక మనిషి చుట్టూ ఉన్న పచ్చ గడి ఎర్రబడింది. మరుక్షణం తెరంతా తెల్లగా మెరిసింది. పొగ తగ్గేసరికి అక్కడ మనిషి లేడు.

"దేశభద్రతలో ఇదొక ముందడుగు," అన్నారు మాస్టారు, సైనికాధికారుల వైపు తిరిగి.

హాల్లో కొత్తపెళ్ళికూతురు లేచి నిలబడింది. పెళ్ళయి నెల దాటినా అందరూ ఆమెను అలాగే పిలిచేవాళ్ళు. పిలిచినప్పుడల్లా ఆమెకు లోలోపల చక్కిలిగింత.

ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో మనుషుల్ని వెతికి, చుట్టూ గడి గీయడం ఆ హాల్లో వాళ్ళందరి పని. ఆ గడులు చూసి యంత్రం నేర్చుకుంటుంది. ఆమె తలపైన వేలెడు జాగా వదిలేది. "ఊపిరాడొద్దూ పాపం!" అనేది. పక్క కుర్చీలో మొగుడు పకపకా నవ్వేవాడు. నవ్విన వాళ్ళందరికీ చివరికి అదే అలవాటైంది.

తెరమీది గడిలోనూ అదే జాగా!

పనిలో పెట్టినప్పుడు, ఈ గడులు వరదల్లో చిక్కుకున్నవాళ్ళను కాపాడటానికన్నారు మాస్టారు. ఆమెకు చదువు చెప్పిన మాస్టారు. పెళ్ళిలో ముందువరసలో కూర్చున్న మాస్టారు. భుజాన ఏదైనా మోస్తుంటే, ముందు వాళ్ళను చూడాలని, 'ముందు' అని గుర్తు పెట్టమన్నారు. బిడ్డనెత్తుకున్నారేమోనని, హాలంతా చేతికి ఎముక లేకుండా పెట్టేసింది.

"మాస్టారూ, అతని భుజాన ఏముంది?"

"ఆయుధమై ఉండొచ్చమ్మా."

"బిడ్డయితే?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "దీనిమీద పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. జాగ్రత్తలు ఉండాలని నేనే వ్యాసం రాశాను."

"ఆ వ్యాసం తలకింద పెట్టుకుని పడుకోండి!" వెనక వరసలో గడులు గీసే ఆమె అక్క అరిచింది. "మాకు వరదని ఎందుకు చెప్పారు?"

"నిజం చెబితే ఇంత ప్రేమగా గీసేవారా?" అన్నారు మాస్టారు.



"ఇష్టంలేని వాళ్ళు పొండి! బయట బోలెడుమంది ఉన్నారు," అన్నాడు సూపర్‌వైజరు.

"పోతే వాళ్ళకీ ఇదే అబద్ధం చెబుతారు. మేం కదలం," అన్నాడు మొగుడు.

"ఇల్లెలా గడుస్తుందిరా?" ఎవరో గొణిగారు.

"మాకింకా రెండో దిండే లేదన్నా," అంది ఆమె. కన్నీళ్ళలోనే ఒకరిద్దరు నవ్వారు. "అయినా ఈ చేత్తో మళ్ళీ గీయలేను."

మౌసు వదిలేసింది. మొగుడు వదిలేశాడు. అక్క వదిలేసింది. పొద్దస్తమానం చినుకుల్లా టకటకలాడే హాలు మూగబోయింది.

గార్డులు ఆమె రెక్క పట్టుకుని గేటుదాకా ఈడ్చారు. బయట రెండో షిఫ్టు నిలబడి ఉంది.

"వరద అబద్ధం!" గొంతు చించుకుంది ఆమె. "మనం గీసిన మనుషుల్నే చంపుతున్నారు!"

"లోపలికి రండి, పనికి టైమైంది," అన్నాడు సూపర్‌వైజరు.

ఒక్కరూ లోపలికి రాలేదు. భుజం భుజం కలిపి, ఆమె చుట్టూ, గార్డుల చుట్టూ నాలుగువైపులా నిలబడ్డారు. వెనకనుంచి హాలంతా వచ్చి కలిసింది.

ఈ గడిలో వేలెడు జాగా కూడా వదల్లేదు.